కంకుల కూజా

"మింగినాడు, ఇది కాదు."

ఎలిజబెత్ టీచరు ఫోను స్పీకర్లోంచి మా ఏసు గుడి ఆవరణలోకి ఊడిపడిన మాట ఇదే. నిజానికి ఇది మేం విన్న మాట. ఆ పిల్ల అన్న మాట వేరు.

ఆ పిల్ల పేరు నాజ్‌నీన్. బత్తలపల్లె గౌస్‌బీ కూతురు. హైదరాబాదులో ఒక మ్యూజియంలో పాత పింగాణి సామాన్లకు వయసు చెప్పే ఉద్యోగం. పోయిన నెల స్నేహితురాలి పెళ్ళికని మా గుడికి వచ్చి, పెళ్ళికూతురిని వదిలేసి ప్రభువు బల్ల మీదున్న రెండు చైనా కూజాలనే చూస్తూ కూర్చుంది. వాటి అడుగు ఫోటోలు తీసి పంపమని సంఘ కార్యదర్శి ఎలిజబెత్ టీచరును అడిగింది. టీచరు పంపింది. దానికి జవాబే ఈ ఫోను. అవతల ఆ పిల్ల, ఇవతల గాలి. మా వైపు గాలి కొండ మీద మరలు తిప్పి కరెంటు ఇస్తుంది, కింద మాటలు తిప్పి షాకు ఇస్తుంది. ఆ రెండు ముక్కలూ వినిపించి సిగ్నలు పోయింది.

"ఎవురు మింగినాడంట?" అన్నాడు ఆదెప్ప, కోతపండుగ పందిరికి గుంత తవ్వుతున్న గడ్డపార ఆపి.

నా పేరు విజయభాస్కర్. కోతపండుగలో గుడికి తెచ్చిన కానుకలకు వేలంపాట పాడించేది నేనే. వేలం నా పని, వేళాకోళం నా జబ్బు. ఊళ్ళో బోర్లన్నీ ఎండినా ఎండని బోరు నేనొక్కణ్ణేనని పేరు. ఆ రోజు కూడా "మింగ మెతుకు లేని ఊళ్ళో మింగినోడు మొనగాడే" అనబోయి నోరు తెరిచాను. అందరూ చూస్తున్న వైపు నేనూ చూసి మూసుకున్నాను.

అందరూ గంటస్తంభం కింద ఊడుస్తున్న ఇమ్మానుయేల్‌ని చూస్తున్నారు.

గుడి తాళంచెవి ఆయన దగ్గర ఉంటుంది. అంతకుముందు వాళ్ళ నాయన దగ్గర ఉండేది. ఆయన దాన్ని మొలతాడుకు కట్టుకుని తిరుగుతాడు, స్నానానికి కూడా విప్పడు. గంట కొట్టేది, దీపాలు తుడిచేది, బల్ల మీద గుడ్డ మార్చేది ఆయనే. ఎప్పుడో చైనాలో సేవ చేసిన ఒక దొరసాని, అక్కడినుంచి మా ఎర్రనేలకు మారి వస్తూ ఆ కూజాల జత తెచ్చిందంటారు. తెల్ల పింగాణి మీద నీలి కొమ్మలు, నీలి పువ్వులు, సన్నటి మెడ. దొరసాని పోయింది, కూజాలు మిగిలాయి. వాటిని ముట్టుకునే చేతులు ఊళ్ళో ఇమ్మానుయేల్‌వే.

చిక్కంతా అక్కడే వచ్చింది. జత కూజాలు ఒకేలా లేవు. ఎడమది మసకబారి, లోపల మెడదాకా సున్నం పెచ్చుకట్టి ఉంటుంది. కుడిది నిన్న అట్టపెట్టెలోంచి తీసినట్టు నిగనిగలాడుతుంది. ఏళ్ళ తరబడి వాటికి ఎదురుగా కూర్చుని ప్రసంగాలు విన్నాం, ఎవరికీ పట్టలేదు. చెవిలో "మింగినాడు" పడగానే కళ్ళొచ్చాయి.

ఆదెప్ప రెండిటినీ కిటికీ వెలుగులోకి తెప్పించాడు.

"పాతదంటే నా మాదిరి ఉండల్లప్పా. మరకలు, గీతలు, మాసిపోయిన మొగం. ఇదేంది, పెండ్లికొడుకు మాదిరి ఉండాది? అసలుది యాడికో పోయినాది. దీన్ని ఏ బజార్లోనో తెచ్చి ఈడ నిలబెట్టినారు."

"తాళంచెవి ఎవురి తాన ఉండాదో?" అని వెనకనుంచి ఒక గొంతు.

ఎలిజబెత్ టీచరు బడిలో హెడ్మిస్ట్రెస్సుగా చేసి రిటైరైంది. తప్పు చేసినవాణ్ణి కొట్టదు, అడుగుతుంది, అంతే. "ఇమ్మానుయేలన్నా, నువ్వేమన్నా చెప్తావా?"

ఆయన చీపురు గోడకు ఆనించాడు. "ఆ కుడిదాంట్లో నీళ్ళు పోసింది లేదమ్మా, మా నాయన కాలం నుంచి. అది కంకుల కూజా."

అది నిజమే. ముసలివాళ్ళకు గుర్తుండాల్సిన నిజం. ఎడమ కూజాలో పూలు, కుడి కూజాలో కంకులు. కోతపండుగ నాడు చేలో తొలి కంకులు తెచ్చి కుడిదాంట్లో నిలబెట్టేవారు. మళ్ళీ కోతదాకా అవి అలాగే ఎండి నిలబడి ఉండేవి. ఆ తర్వాత ఊరంతా చెనక్కాయకు తిరిగింది. చెనక్కాయకు కంకి లేదు, దాని కాపంతా మట్టిలోనే. పెట్టడానికేమీ లేక కుడి కూజా ఖాళీగా నిలబడింది. ఇమ్మానుయేల్ మాత్రం ప్రతి శనివారం దాన్ని పొడిగుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు. ఎడమదాంట్లోకి వెళ్ళింది మా బోరునీళ్ళు. మా బోరునీళ్ళు మనుషుల పళ్ళనే మార్చేస్తాయి, పింగాణిని వదిలిపెడతాయా?

"కథ బాగుండాదిలే," అన్నాడు ఆదెప్ప. ఎవరూ నవ్వలేదు.

ఆ సాయంత్రం కమిటీ కూర్చుంది. ఆదివారం కోతపండుగ. ఆరాధనకు ముందే అందరి ఎదుటా ఇమ్మానుయేల్ తాళంచెవి అప్పగించాలని కొందరు పట్టుబట్టారు. అంతలో నాజ్‌నీన్ దగ్గరనుంచి వాట్సాప్‌లో గొంతు వచ్చింది. "ఫోటో చూసి తేల్చేది కాదు టీచర్. శనివారం అమ్మను చూసేకి వస్తాండా. చేత్తో పట్టుకోని చూడల్ల." మింగింది ఎవరని ఆ పిల్లను ఎవరూ తిరిగి అడగలేదు. అలాంటి మాట ఫోనులో అడిగేది కాదంది టీచరు. శనివారం ఆ పిల్ల ఏం చెబితే అది, అన్నారు.

మరునాడు ఇమ్మానుయేల్ ఇంటికి వెళ్ళాను. వరసకు చిన్నాయన అవుతాడు. గడపలో కూర్చుని ఉన్నాడు, ఎదురుగా పీకి కుప్పేసిన చెనక్కాయ చెట్లు. ఈ ఏడు చెట్టు పీకితే వేర్లకు మట్టి తప్ప కాయ రాలేదు.

"బాస్కరా, ఆ పాప చూస్తే పాతదని తెలుస్తాదా?"

"ఆయమ్మ చదువే అది చిన్నాయనా."

"రోజూ చూసే ఆదెప్పకే తెలీలేదే." మొలదగ్గర తాళంచెవిని పంచె పైనుంచే తడుముకున్నాడు. "మా నాయన చేతిలోనుంచి నా చేతిలో పడింది ఇది. దొంగ అనిపించుకోని దీన్ని ఆ బల్ల మీద పెట్టి పోవల్లంటే... నాకు ఆ గుడి మెట్టు మళ్ళా ఎక్కేకి కాళ్ళు రావు."

నేను మాటలమ్ముకునేవాణ్ణి. ఆ రోజు నా అంగడి మూతపడింది. కుప్పలో ఒక చెట్టు దులిపి చూసి లేచి వచ్చాను.

శనివారం నాజ్‌నీన్ స్కూటీ మీద వచ్చింది, వీపున సంచితో. గుడిలో ఐదుగురం. ఆమె, టీచరు, ఆదెప్ప, నేను, ఇమ్మానుయేల్. తలుపు తీసి ఆయన పక్కకు జరిగాడు.

బల్ల మీద ఎడమ కూజా ఎప్పటిలాగే ఉంది. కుడిది మారిపోయింది.

నిగనిగ పోయింది. ఒళ్ళంతా గోధుమరంగు మరకలు, మెడ చుట్టూ మసి, అడుగున ఎర్రమట్టి. వారంలో నూరేళ్ళు మీదపడినట్టు ఉంది. టీచరు ఒక అడుగు ముందుకు వేసి మళ్ళీ చూసింది. ఆదెప్ప ఇమ్మానుయేల్‌ని చూడటం మానేసి నన్ను చూశాడు, ఇంకేం రుజువు కావాలన్నట్టు.

నాజ్‌నీన్ కూజాను రెండు చేతులతో ఎత్తి వాసన చూసింది. వేలు తడిచేసి మరక మీద రుద్దింది. వేలికి రంగు అంటింది.

"ఇది టీ," అంది. "పింగాణి నీళ్ళు తాగదు అంకుల్. మరక లోపలికి దిగల్లంటే ఏళ్ళు పడతాది, అదీ పగులు ఉంటేనే. ఇది పైపైన కూసోని ఉండాది. దొంగసరుకు అమ్మేటోళ్ళు ఇట్లానే చేస్తారు. టీలో ఉడకబెడతారు, మట్టిలో పాతిపెడతారు."

దొంగసరుకు. మాట గుడిలో గుండ్రంగా తిరిగి ఒకే మనిషి దగ్గర ఆగింది.

"నేనే పూసినా," అన్నాడు ఇమ్మానుయేల్. "టీ నీళ్ళు, ఎర్రమట్టి. చెనక్కాయ పొట్టు కాల్చి పొగ పెట్టినా."

"పాతదైతే దాన్ని పాతది మాదిరి ఎందుకు చేయల్లన్నా?" అడిగింది టీచరు.

"పాతదేనమ్మా. పాతది మాదిరి లేదని మీరంటిరి కదా."

ఆ మాట అందరికీ అందింది. కానీ అందడం వేరు, నమ్మడం వేరు. ఇమ్మానుయేల్‌కు అది అర్థమైంది. పంచె సడలించి మొలతాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు. ముడి బిగిసిపోయి ఉంది, గోళ్ళతో గీరుతున్నాడు. సాయం చేయడానికి నాకు చేతులు రాలేదు. అది విప్పడానికి సాయం చేస్తే ఏ పక్షమైనట్టు? చివరికి ఆయనే విప్పి, తాళంచెవిని బల్ల మీద రెండు కూజాల మధ్య పెట్టాడు.

"నేను ఇంకా ఏమీ చెప్పలేదు కదా టీచర్," అంది నాజ్‌నీన్.

"నువ్వే చెప్తివి కదమ్మా ఫోన్లో. మింగినాడు, ఇది కాదు అని."

"నేనా?" ఆ పిల్ల బిత్తరపోయింది. పెదాలు కదిపి తన మాటను తానే వెతుక్కుంది. "యా అల్లా! మింగ్ నాటిది కాదు అంటి. మింగ్ అంటే చైనాలో పాత రాజుల వంశం. ఈ కూజాల అడుగున వాళ్ళ పేరు రాసి ఉండాది, కానీ వాళ్ళ నాటివి కావు అని చెప్తి. రెండిటి గురించీ."

టీచరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆదెప్ప మాత్రం తేలిగ్గా వదిలే రకం కాదు.

"సరేమ్మా, మాట తప్పు ఇన్యాం. టీ కూడా తప్పు చూసినామా?"

న్యాయమైన ప్రశ్న. నాజ్‌నీన్ బకెట్టు నీళ్ళు, మెత్తటి గుడ్డ అడిగింది. చంటిబిడ్డకు పోసినట్టు, మెడలోకి చుక్క పోకుండా, కుడి కూజాకు నీళ్ళు పోసింది. వారంనాటి ముసలితనం ఎర్రగా, గోధుమగా బకెట్టులోకి దిగిపోయింది. కూజా మళ్ళీ పెండ్లికొడుకైంది.

తర్వాత రెండిటినీ దుప్పటి మీద తిరగేసి, సంచిలోంచి ఒక తెల్ల గిన్నె తీసింది. "మా అమ్మ పోయిన రంజానుకు కొనింది. కొత్తది. దీని అడుగు పట్టుకోని చూడండి అంకుల్. కండ్లు మూసుకోండి. కండ్లు మోసపోతాయి, వేళ్ళు మోసపోవు."

వేలంపాట వాణ్ణి, వేలు పెట్టడం నాకు కొత్త కాదు. గిన్నె అడుగున, మెరుపు పూయని ఆ అంచు గరుకుగా, కోసుకుపోయేలా ఉంది. ఎడమ కూజా అడుగు మీద పెట్టాను. బట్టలుతికే బండలా నునుపు. కుడిదాని మీద పెట్టాను. అదే నునుపు. కళ్ళు తెరిస్తే ఏది ఏదో తెలిసేది, మూసుకుంటే తెలియలేదు.

"మెరుపు నూరేళ్ళైనా పోదు, తుడిచే మనిషి ఉంటే," అంది ఆ పిల్ల. "వయసు కాళ్ళకు వస్తాది. ఎత్తి, దించి, ఎత్తి, దించి అరిగినాది ఇది. ఎవురూ రుద్ది చేసింది కాదు. రుద్దితే గీతలన్నీ ఒక పక్కకే పోతాయి. ఇవి చూడండి, నాలుగు దిక్కులా ఉండాయి. రెండూ ఒక బట్టీలో కాలినవే. నూటయాభై ఏండ్ల నాటివి."

ఆదెప్ప కూడా వేలు పెట్టి చూశాడు. చాలాసేపు పెట్టాడు. అయినా తల అడ్డంగా ఊపాడు.

"పాతదే. ఒప్పుకుంటా. ఈ గుడిదే అని ఎట్లా? మంచిదాన్ని అమ్ముకోని, ఇంకో పాతది తెచ్చి పెట్టుండచ్చు కదా?"

"ఏమప్పా ఆదెప్పా, నీకేం పగ?" అన్నాను.

"పగ కాదన్నా. రేపు ఇదే మాట ఊరు అడుగుతాది. ఇప్పుడే అడిగేస్తే పోతాది."

నాజ్‌నీన్ టార్చి వెలిగించి కుడి కూజా మెడలోకి పెట్టి, ఒక కన్ను మూసి చూసింది. "పెద్ద కూజాని ఒకేసారి చేయలేరు. రెండు ముక్కలు చేసి నడుమున అతుకుతారు. లోపల ఆ అతుకు చేనుగట్టు మాదిరి లేచి ఉంటాది." సంచిలోంచి పొడుగాటి సన్నటి పట్టుకారు తీసి లోపలికి దించింది. గీకిన చప్పుడు. బయటికి తీసి టీచరు చేతిరుమాలు మీద విదిలించింది. మళ్ళీ దించింది. మళ్ళీ విదిలించింది.

రుమాలు మీద చిటికెడు చెత్త. నల్లబడిన పొట్టు, వెంట్రుకల్లాంటి పోగులు, రెండు మూడు గింజలు, లోపల ఏమీ లేకుండా తొలిచేసిన గింజలు.

"ఇదేందో నాకు తెలీదు," అంది నాజ్‌నీన్. "నా చదువు పింగాణి వరకే."

ఆదెప్ప వంగాడు. ఒక పోగు ఏరి అరచేతిలో వేసుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. వెళ్ళినవాడు తిరిగి రావడం లేదు.

"కొర్ర," అన్నాడు అక్కడినుంచే. "కొర్రకంకి మీసం ఇది."

"కొర్రలు ఇప్పుడు అనంతపురంలో పాకెట్లలో అమ్ముతాండారు కదా," అంది టీచరు. ఆమెకూ ఊరి ప్రశ్నలన్నీ ఇక్కడే తీర్చుకోవాలని ఉంది.

"అది పొట్టు తీసిన బియ్యం టీచరమ్మా. దానికి మీసం ఉండదు. ఇది చేన్లో కోసిన కంకి. ఈ ఊర్లో కొర్ర ఆఖరుగా వేసింది మా నాయన. నన్ను బుజాన ఎక్కించుకోని, నా చేతికి కంకులిచ్చి, ఈడికే తెచ్చినాడు. ఇమ్మానేలు నాయన వాటిని అందుకోని..." ఆగాడు. కూజాకేసి చూశాడు. అరచెయ్యి మూసుకున్నాడు.

ఇమ్మానుయేల్ బకెట్టులోని ఎర్రనీళ్ళు పారబోయడానికి వంగాడు. టీచరు ఆయన చేతిలోంచి బకెట్టు లాక్కుని తానే బయటికి తీసుకెళ్ళింది. ఆమె బకెట్టు మొయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

తిరిగి వచ్చి అడిగింది. "మరి అడుగున ఆ రాజుల పేరెందుకమ్మా? అబద్ధం కాదా?"

"కొందరు మోసానికే రాస్తారు టీచర్. ఆ కాలంలో చానామంది మర్యాదకు రాసినారు. పాతోళ్ళ పనితనం గొప్పది, వాళ్ళ పేరు మీద చేస్తాండాం అని. ఆ రాజులు పోయి అప్పటికే రెండు వందల ఏండ్లు దాటింది. కొనేటోళ్ళకీ తెలుసు."

"నాకు మా తాత పేరు పెట్టినారు," అన్నాడు ఆదెప్ప కిటికీ దగ్గరినుంచి. "ఆయన ఆదెప్ప, నేను ఆదెప్ప. అట్లని నేను దొంగ ఆదెప్పనా?"

మామూలు రోజైతే ఆ బంతిని నేను వదిలేవాణ్ణి కాదు. వదిలేశాను.

టీచరు తాళంచెవి తీసి ఇమ్మానుయేల్ వైపు చాచింది. "తీసుకో అన్నా."

ఆయన చెయ్యి చాచలేదు. "ఈడ ఐదు మందిమే ఉండామమ్మా. దొంగ అనింది ఊరంతా." తువ్వాలు భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మాకు తెలిసి మొదటిసారి ఆ రోజు గుడికి తాళం పడలేదు. టీచరు తిరిగి పెట్టిన తాళంచెవి కూజాల మధ్యే ఉండిపోయింది.

ఆదివారం పందిరి నిండింది. ప్రభువు బల్లను కూజాలతో సహా, తాళంచెవితో సహా పందిట్లోకి తెచ్చారు. కరువు ఏడు కాబట్టి వేలానికి వచ్చినవీ బక్కచిక్కినవే. గుమ్మడికాయలు, రెండు కోళ్ళు, గంపెడు చెనక్కాయలు. ఇమ్మానుయేల్ వచ్చాడు, కానీ చివరి వరసలో, చెప్పుల పక్కన కూర్చున్నాడు. గంట ఎవరో కొట్టారు, లయ తప్పింది.

ఆరాధనకు ముందు మైకు నా చేతికిచ్చారు. జనం నవ్వడానికి సిద్ధంగా సర్దుకున్నారు. నా ముఖం చూసి ఆగారు.

చెప్పాను. ఫోనులో ఆ పిల్ల అన్నది "మింగ్ నాటిది కాదు" అని, మేం విన్నది "మింగినాడు, ఇది కాదు" అని. మింగ్ అనేది రాజుల పేరని, ఈ ఊళ్ళో ఎవరూ ఏమీ మింగలేదని. కుడి కూజా ఎందుకు మెరుస్తుందో, దాన్ని శనివారం శనివారం తుడిచింది ఎవరో. టీ సంగతీ దాచలేదు. పాతదాన్ని పాతది కాదని మనం అంటే, ఒక ముసలాయన దానికి ముసలితనం పూయాల్సి వచ్చిందని చెప్పాను. ఆదెప్ప లేచి, తాయెత్తు విప్పినట్టు కాగితం పొట్లం విప్పి, కొర్రమీసం అందరికీ చూపించాడు. అది చేతినుంచి చేతికి నడిచింది. ఎవరూ గట్టిగా ఊపిరి వదల్లేదు, ఎగిరిపోతుందని.

అది చివరి వరస చేరేసరికి ఇమ్మానుయేల్ లేచాడు. వరసల నడుమనుంచి నడిచి వచ్చి, బల్ల మీది తాళంచెవి తీసుకుని, అక్కడే అందరి ఎదుటా మొలతాడుకు ముడి వేసుకున్నాడు. ముడి మీద ముడి వేశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఆ ఫోను మాట ఇంకోసారి చెప్పు బాస్కరా. ఎనక వరసకు ఇనపడలేదు."

మళ్ళీ చెప్పాను. గాలికి ఎదురుగా నిలబడి, ఒక్కో అక్షరం విడదీసి.